కొత్త హార్డ్ డిస్క్‌లో తేడా: వాపసు ఇవ్వాలా, వాడుకోవాలా? అపోహలు - వాస్తవాలు

కొత్త హార్డ్ డిస్క్ విషయంలో జనం రెండు రకాలుగా పొరబడతారు. చప్పుడు చేస్తోందనో సైజు తక్కువ చూపిస్తోందనో బాగున్నదాన్ని వెనక్కి పంపేస్తారు. నిజంగా పాడైనదాన్ని మాత్రం "ఫార్మాట్ కొడితే సరిపోయింది" అనుకుని ఉంచేసుకుంటారు. ఎక్కువగా జరిగేది రెండోదే, ఫోటోలు పోయేదీ అక్కడే. రిటర్న్ గడువు దాటకముందే, మన డేటా అందులోకి ఎక్కకముందే నాలుగైదు సంఖ్యలు చూస్తే చాలావరకు తేలిపోతుంది.

అపోహ: విండోస్‌లో డ్రైవ్ కనిపించడం లేదు, అంటే డెడ్ పీస్ వచ్చింది.

కేబినెట్‌లో పెట్టే ఇంటర్నల్ డిస్క్‌లు ఖాళీగా, పార్టిషన్ లేకుండా వస్తాయి. అందుకే 'దిస్ పీసీ'లో కనపడవు. స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ అక్కడ 'నాట్ ఇనీషియలైజ్డ్' అని ఉంటే జీపీటీ (డిస్క్‌ను విభజించే కొత్త పద్ధతి) ఎంచుకుని ఇనీషియలైజ్ చేసి, కొత్త వాల్యూమ్ పెట్టండి. పాత పద్ధతి ఎంబీఆర్ ఎంచుకుంటే 4 టీబీ డిస్క్‌లో 2 టీబీ మాత్రమే వాడుకోగలరు, మిగతాది వాడటానికి వీల్లేకుండా ఉండిపోతుంది. అది డిస్క్ లోపం కాదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ, బయోస్‌లోనూ (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల తెర) లేదంటే డేటా తెచ్చే సాటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డులో వేరే పోర్టుకు పెట్టండి, ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లోని పవర్ సప్లై) నుంచి వేరే పవర్ కనెక్టర్ ఇవ్వండి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత, చవక ఎస్‌ఎంపీఎస్ అక్కడే చతికిలపడుతుంది. ఇంకో తిరకాసు ఉంది. సర్వర్ల కోసం చేసిన కొన్ని పెద్ద డిస్క్‌లలో సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్‌కు 3.3 వోల్టులు అందితే డిస్క్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్‌కు ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటాయి కాబట్టి డిస్క్ అసలు తిరగదు, చెవి ఆనించినా చడీచప్పుడూ ఉండదు. మోలెక్స్ (పాత తరహా నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే అడాప్టర్‌లో 3.3 లైన్ ఉండదు, దాంతో ఇస్తే లేస్తుంది.

పోర్టబుల్ డిస్క్ టిక్ టిక్ అంటూ ఆగిపోతుంటే ముందు కేబినెట్ ముందరి పోర్టు, యూఎస్‌బీ హబ్ వదిలేసి వెనకాల యూఎస్‌బీ 3.0 పోర్టుకు నేరుగా పెట్టి చూడండి. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. ఇంకో కంప్యూటర్‌లోనూ అదే టిక్ టిక్ అయితే ఇక ఆలోచించకండి, వెనక్కి పంపండి.

అపోహ: 4 టీబీ కొంటే 3.63 టీబీ చూపిస్తోంది, మోసం.

కంపెనీ 4 లక్షల కోట్ల బైట్లు లెక్కేసి ఇస్తుంది, విండోస్ 1024 చొప్పున భాగిస్తుంది. 1 టీబీ అంటే 931 జీబీ, 2 టీబీ అంటే 1.81 టీబీ. ఇది సరైన లెక్కే. అసలు మోసం 16 టీబీ పోర్టబుల్ డిస్క్ పదిహేను వందలకే ఇస్తామనే ప్రకటనల్లో ఉంటుంది. వాటి డబ్బాలో చిన్న మెమరీ కార్డు పెట్టి, సైజు మాత్రం పెద్దగా కనపడేలా చేసి ఉంటారు.

అపోహ: కొత్త డిస్క్‌లో ఒకటి రెండు బ్యాడ్ సెక్టార్లు (చెడిపోయిన డేటా గడులు) మామూలే.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంతకాలం బతికింది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే ప్రతి డిస్క్ పళ్లెం మీదా లోపాలున్న చోట్లు ఉంటాయి. వాటిని అక్కడే గుర్తించి, డిస్క్‌లోనే ఒక జాబితాలో రాసి, వాడకంలోకి రాకుండా మూసేస్తారు. మనకు కనపడే లెక్క దాని తర్వాత మొదలవుతుంది, సున్నాతో. కాబట్టి కొత్త డిస్క్ ఒకటి చూపించినా అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక పుట్టిన లోపం. రవాణాలో దెబ్బ తగిలి ఉండొచ్చు, చదివి రాసే హెడ్ బలహీనంగా ఉండొచ్చు.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తాను రాసుకునే 'స్మార్ట్' లెక్కలు చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. లైనక్స్ వాళ్లకు జీస్మార్ట్‌కంట్రోల్ ఉంది. అందులో ఈ వరసలు చూడాలి: 05 అంటే ఇప్పటికే పక్కన పెట్టేసి స్పేర్ చోటుకు మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక పెండింగ్‌లో ఉన్నవి. సీ6 అంటే డిస్క్ తనంతట తాను తనిఖీ చేసుకున్నప్పుడు సరిచేయలేకపోయినవి. వేరే సాఫ్ట్‌వేర్లలో సీ5, సీ6లకే 197, 198 అని పేర్లు. కొత్త డిస్క్‌లో ఈ మూడింటి రా వాల్యూ (అసలు లెక్క) సున్నా ఉండాలి. సంఖ్యలు పదహారు ఆధారంలో (0-9తో పాటు ఏ-ఎఫ్ అక్షరాలతో) కనపడతాయి కనక గాభరా పడకుండా, ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి రా వాల్యూస్‌ను పది ఆధారానికి మార్చుకోండి.

సీ5లో 8 కనిపిస్తే ఎనిమిది చోట్ల పాడైందని కాదు. ఇప్పటి డిస్క్‌లలో అసలు సెక్టార్ 4096 బైట్లు, కంప్యూటర్‌కు మాత్రం 512 బైట్ల ముక్కలుగా చూపిస్తారు. ఒక్క అసలు సెక్టార్ పోతే ఎనిమిది లెక్కకొస్తాయి. అందుకే 8, 16, 24 ఇలా పెరుగుతుంటుంది. ఒక్కటే అయినా కొత్త డిస్క్ కాబట్టి మా లెక్కలో అది వాపసుకే.

ఎందుకంత పట్టుదల అంటే: 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్క్‌ల మీద చేసిన అధ్యయనంలో, తనిఖీలో మొదటి లోపం కనపడిన డిస్క్ ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతావాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. మొదటిసారి సెక్టార్ మార్చుకున్నవాటికి అది 14 రెట్లు.

అపోహ: హెల్త్ 'గుడ్' అని ఉంది, ఇక చూడక్కర్లేదు.

డిస్క్ తన గురించి తాను చెప్పుకునే 'పాస్డ్' మాట మరీ ఉదారమైనది. కంపెనీ పెట్టిన అడుగు పరిమితి కిందికి పడిపోతే తప్ప ఫెయిల్ అనదు. వందల సెక్టార్లు పోయినా పాస్ అంటున్న డిస్క్‌లు ఉంటాయి. పైగా కొత్త డిస్క్‌లో ఎవరూ ఏమీ చదవలేదు, రాయలేదు. అంటే లోపం ఉన్నా బయటపడే సందర్భమే రాలేదు. అదే గూగుల్ అధ్యయనంలో, చెడిపోయిన డిస్క్‌లలో సగానికి పైగా నాలుగు ముఖ్యమైన సంకేతాల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి.

అందుకే డిస్క్‌లో ప్రతి మూలా చదివి, రాసి చూడాలి. పెట్టగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో స్క్రీన్‌షాట్ తీసి, సీరియల్ నంబర్ కనపడేలా భద్రపరచండి. తర్వాత సీగేట్ ఉచితంగా ఇచ్చే సీటూల్స్‌లో గానీ, జీస్మార్ట్‌కంట్రోల్‌లో గానీ షార్ట్ టెస్ట్ పెట్టండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. అది పాసైతే లాంగ్ టెస్ట్. ఇది డిస్క్ మొత్తాన్నీ చదువుతుంది. సెకనుకు సగటున 150 ఎంబీ అనుకుంటే 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చడం మరవకండి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లలో లాంగ్ టెస్ట్ మధ్యలో ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. మర్నాడు 'క్విక్ ఫార్మాట్' టిక్ తీసేసి ఫార్మాట్ పెట్టండి. విండోస్ విస్టా నుంచి ఈ పూర్తి ఫార్మాట్ డిస్క్ నిండా సున్నాలు రాస్తుంది, కాబట్టి రాసే పరీక్ష కూడా అయిపోతుంది. చివర్లో మళ్లీ స్క్రీన్‌షాట్. మొదటి దానికీ దీనికీ 05, సీ5, సీ6 కదలకపోతే డిస్క్ ఉంచుకోండి. లాంగ్ టెస్ట్ 'రీడ్ ఫెయిల్యూర్' అని ఆగితే ఇంకే పరీక్షా పెట్టకండి, ఆ తెరే మీ సాక్ష్యం.

అపోహ: ఎర్రర్ సంఖ్య కోట్లలో ఉంది, పాడైపోయింది.

సీగేట్ డిస్క్‌లో 01, 07 వరసలు చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువ. రీడ్ ఎర్రర్ రేట్, సీక్ ఎర్రర్ రేట్ అని పేరుండి పక్కన కోట్ల సంఖ్య ఉంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ కంపెనీ ఒకే గడిలో రెండు లెక్కలు కలిపి రాస్తుంది: పై భాగం లోపాలది, కింది భాగం మొత్తం చేసిన పనులది. పదహారు ఆధారంలో చూస్తే పన్నెండు అంకెలుంటాయి. మొదటి నాలుగూ 0000 అయితే లోపాలు సున్నా అన్నమాట.

సీ7, అంటే 199, ఇంకో రకం. డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిందని చెబుతుంది. చాలాసార్లు కేబుల్‌దే పాపం. కేబుల్ మార్చి, 50 జీబీ కాపీ చేసి చూడండి. ఆ సంఖ్య తగ్గదు, ఎప్పటికీ అలాగే ఉంటుంది. పెరగకపోతే చాలు. కాపీ చేసిన ఫైళ్లు చెడిపోతున్నా ఈ సంఖ్యలన్నీ శుభ్రంగా ఉంటే ర్యామ్‌ను అనుమానించి మెమ్‌టెస్ట్ పెట్టండి. డిస్క్‌లు సాధారణంగా తప్పు డేటాను ఒప్పని ఇవ్వవు, చదవలేకపోతున్నానని చెప్పేస్తాయి.

అపోహ: రిపేర్ సాఫ్ట్‌వేర్ పెడితే బ్యాడ్ సెక్టార్లు పోతాయి.

పోతాయి, తెర మీద నుంచి. పెండింగ్ సెక్టార్ మీద కొత్తగా ఏదైనా రాస్తే డిస్క్ దాన్ని మళ్లీ వాడుకుంటుంది, లేదా స్పేర్ చోటుకు మార్చి 05లో కలుపుతుంది. రెండు రకాలుగానూ సీ5 సున్నాకు దిగుతుంది. విండోస్‌లోని చెక్‌డిస్క్ అయితే ఆ చోటు వాడొద్దని ఫైల్ సిస్టమ్‌లో గుర్తు పెట్టి ఊరుకుంటుంది. 'లో లెవెల్ ఫార్మాట్' అని షాపుల్లో చెప్పేది నేటి డిస్క్‌లలో వట్టి సున్నాలు నింపడమే, అసలైన లో లెవెల్ ఫార్మాట్ ఫ్యాక్టరీలో తప్ప జరగదు. పాత డిస్క్ నుంచి నాలుగు నెలలు లాగడానికి ఇవన్నీ సరే. కొత్త డిస్క్‌కు మాత్రం ఇవి సాక్ష్యం చెరిపేసే పనులు. సీ5 కనపడితే ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే ఏదైనా.

అపోహ: చప్పుడు చేస్తే పాడైనట్టు.

ఏ చప్పుడన్నదే ముఖ్యం. 7200 ఆర్‌పీఎమ్ పెద్ద డిస్క్‌లు గరగరమంటాయి. కొన్ని వెస్ట్రన్ డిజిటల్ పెద్ద డిస్క్‌లు ఖాళీగా ఉన్నా అయిదు సెకన్లకోసారి డుబ్ మంటాయి, అది హెడ్ ఒకేచోట నిలవకుండా కదిలే ఏర్పాటు. తిరగడం మొదలెట్టి, ఒకే లయలో టక్ టక్ మని కొట్టి, ఆగిపోయి, మళ్లీ మొదలెడితే హెడ్ తన ట్రాక్ దొరకక వెతుక్కుంటోంది. పవర్ తీసేయండి. సన్నగా బీప్ మంటూ తిరగకపోతే మోటార్ గానీ హెడ్ గానీ ఇరుక్కుని ఉండొచ్చు. పైన చెప్పినట్టు కేబుల్, పవర్ మార్చినా ఇదే జరిగితే ఈ రెండింటికీ టెస్టులు అక్కర్లేదు, వాపసే.

అపోహ: కాపీ స్పీడు 30 ఎంబీకి పడిపోతోంది, డిఫెక్టే.

ఎస్‌ఎంఆర్ డిస్క్ అయి ఉండొచ్చు. ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేలా రాసే పద్ధతి ఇది. మొదట కొన్ని జీబీలు చకచకా వెళ్లి, క్యాష్ (తాత్కాలికంగా రాసుకునే చోటు) నిండాక నత్తనడక పడుతుంది. సినిమాలు దాచుకోవడానికి ఇబ్బంది లేదు, కొన్ని డిస్క్‌లు కలిపి వాడే రెయిడ్‌కూ, నెట్‌వర్క్‌లో పెట్టే నాస్‌కూ పనికిరాదు. 2020లో కొన్ని వెస్ట్రన్ డిజిటల్ రెడ్ డిస్క్‌లలో చెప్పకుండా ఈ పద్ధతి వాడారని బయటపడి పెద్ద గొడవే అయింది. అవసరం నాస్ అయితే మోడల్ నంబర్ కంపెనీ జాబితాలో వెతికి, ఎస్‌ఎంఆర్ అయితే వెనక్కి ఇవ్వండి. లోపమని కాదు, మీ పనికి సరిపోదని.

అపోహ: సీల్ ఉంది, పవర్ ఆన్ అవర్స్ (డిస్క్ నడిచిన గంటలు) సున్నా ఉంది, కచ్చితంగా కొత్తదే.

కొత్తది సున్నాకో ఒకటి రెండు గంటలకో దగ్గరగా ఉంటుంది. వందల్లో ఉంటే ఇంకెవరో వాడింది. అయితే సున్నా ఉన్నంత మాత్రాన నమ్మలేం. 2025 మొదట్లో యూరప్‌లో వాడేసిన సీగేట్ ఎక్సోస్ సర్వర్ డిస్క్‌లు కొత్తవిగా అమ్ముడయ్యాయి, సెకండ్ హ్యాండ్ కారు మీటరు వెనక్కి తిప్పినట్టు వాటి స్మార్ట్ లెక్కలు చెరిపేసి ఉన్నాయి. సీగేట్ డిస్క్‌లలో ఉండే ఫార్మ్ అనే వేరే రికార్డు అసలు గంటలు బయటపెట్టింది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. రెండు లెక్కలకూ పొంతన లేకపోతే వాపసు. సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి వారంటీ కూడా చూడండి. ఓఈఎం పీస్ (కంప్యూటర్ కంపెనీలకు అమ్మినది) అనో, వేరే దేశానికి చెందినదనో వస్తే రేపు సర్వీస్ సెంటర్‌లో మీ మాట చెల్లదు.

అపోహ: మూడేళ్ల వారంటీ ఉంది, తొందరేముంది?

అమ్మినవాడి దగ్గర గడువులోపు మారిస్తే కొత్త పీస్ వస్తుంది, లేదా డబ్బు వస్తుంది. వారంటీలో కంపెనీకి పంపితే సాధారణంగా వచ్చేది బాగుచేసి పరీక్షించిన వాడిన డిస్క్. లేబుల్ మీదే ఆ సంగతి ముద్రించి ఉంటుంది. డేటా తిరిగి తీసివ్వడం మామూలు వారంటీలో ఉండదు. కాబట్టి డబ్బా వచ్చిన రోజే పరీక్ష మొదలెట్టాలి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు మీద ఉందని వెనకాడక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆన్‌లైన్ అమ్మకందార్లకూ 2020 ఈ-కామర్స్ నియమాలు ఇదే చెబుతాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఫోన్‌లో ఆర్డర్ పెట్టినా వర్తిస్తుంది. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. స్క్రీన్‌షాట్లు, బిల్లు, డబ్బా తెరిచిన వీడియో దగ్గరుంటే వాదన పెరగదు.

పంపేముందు డేటా సంగతి. రాయగలిగే స్థితిలో ఉంటే, సాక్ష్యాలన్నీ తీసుకున్నాక పూర్తి ఫార్మాట్ కొట్టండి. పూర్తిగా మొరాయించిన డిస్క్‌లో చెరపడం కుదరదు, అందుకే పరీక్షలు అయ్యేదాకా అసలు డేటా పెట్టొద్దన్నది. తర్వాతైనా బిట్‌లాకర్‌తో గానీ వెరాక్రిప్ట్‌తో గానీ తాళం వేసి వాడితే ఎప్పుడు పంపాల్సొచ్చినా బెంగ ఉండదు. స్క్రూలు విప్పకండి, లేబుల్ పీకకండి, వారంటీ అక్కడితో పోతుంది. యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, చుట్టూ కనీసం రెండు అంగుళాల ఫోమ్ ఉండేలా అట్టపెట్టెలో కదలకుండా సర్దండి. పాత న్యూస్‌పేపర్లు కుక్కి పంపితే, దెబ్బ మీ ప్యాకింగ్‌లోనే తగిలిందని తిప్పి పంపే వీలు వాళ్లకు దొరుకుతుంది.