ప్లైవుడ్ లెక్కలో పుట్టిన ‘ధర’

లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న వనరులతో అత్యధిక ఫలితం రాబట్టే గణితం) చదివినవాళ్లకు ‘షాడో ప్రైస్’, అంటే కొరతను బట్టి లెక్కలో తేలే ధర, తెలిసే ఉంటుంది. ఆ భావన సోవియట్ దేశంలో పుట్టింది మాత్రం దుంగల లెక్కలోంచి.

1938లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వాళ్లు గణితవేత్త లియొనీద్ కాంతరోవిచ్‌ను సలహా అడిగారు. అప్పటికి ఆయన వయసు 26. దుంగను తిప్పుతూ పొర ఒలిచే యంత్రాలు 8, కలప రకాలు 5. ఏ యంత్రం ఏ రకాన్ని ఎంత వేగంగా ఒలుస్తుందో పట్టిక ఉంది. రకాల నిష్పత్తి చెడకుండా ఉత్పత్తి పెంచాలి. పట్టికలో 40 గళ్లు; సరైన జవాబుకు వాటిలో 12 నింపితే చాలు. కానీ ఏ 12 అన్నది ఎంచుకునే మార్గాలే 558 కోట్లు!

ఆయన పట్టుకున్న కిటుకు చిన్న ఉదాహరణతో తేలిపోతుంది. మొదటి యంత్రం గంటకు మెత్త కలప 8 లేదా గట్టి కలప 6 ఒలుస్తుంది. రెండోది 6 లేదా 2. రెండు రకాలూ సమానంగా కావాలి. చెరి సగం సమయం ఇస్తే మెత్తది 7, గట్టిది 4, జతలు నాలుగే. ఇప్పుడు రకానికో గుణకం తగిలించి, ఉత్పత్తిని దాంతో గుణిద్దాం. మెత్తదానికి 1, గట్టిదానికి 2 అంటే మొదటి యంత్రానికి గట్టిది లాభం (12, 8), రెండోదానికి మెత్తది (6, 4). జతలు ఆరు! గట్టిదానికీ 1 ఇస్తే రెండు యంత్రాలూ మెత్తదాని మీదే పడతాయి. 4 ఇస్తే రెండూ గట్టిదాని మీద. కొరత పడిన రకానికి గుణకం పెంచుకుంటూ పోవడమే పద్ధతి. 1939లో చిన్న పుస్తకంగా అచ్చయింది. ఇలాంటి లెక్కలకే అమెరికాలో గణితవేత్త డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతి వచ్చింది 1947లో.

చిక్కంతా ఆ గుణకాలతోనే. చూస్తే అవి అచ్చం ధరలే, పైగా కొరతను బట్టి మారే ధరలు. విలువ శ్రమలోంచే పుడుతుందని నమ్మే చోట అది చిన్న నేరం కాదు. ఆయన 1942లో రాసిన ఆర్థిక గ్రంథం 1959 దాకా అచ్చు కాలేదు. ఆర్థికశాస్త్ర నోబెల్ 1975లో, అమెరికా ఆర్థికవేత్త కూప్‌మన్స్‌తో కలిపి.

పద్ధతి పనిచేసిన చోటా తిప్పలు తప్పలేదు. 1948-49లో ఒక వ్యాగన్ల ఫ్యాక్టరీలో గణితవేత్త జల్గల్లర్‌తో కలిసి ఉక్కు రేకుల కోత లెక్కలు వేశారు. తుక్కు బాగా తగ్గింది. ఆ ఫ్యాక్టరీకి తుక్కు అప్పగించే కోటా కూడా ఉంది. తుక్కు తగ్గడంతో ఆ కోటా నెరవేరలేదు.