పిట్టలు కావాలంటే కట్ట దిగండి

"మాది చిన్న టౌను. పిల్లలకు పిట్టల్ని చూపించాలని ఉంది. కొల్లేరు, పులికాట్ మాకు దూరం. దగ్గర్లో మంచి చోటు ఎలా కనిపెట్టాలి?" అని ఒక టీచరమ్మ అడిగారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. దగ్గర్లో ఏ చెరువున్నా సరే, కట్ట వైపు నుంచి కాకుండా అవతలి వైపు నుంచి వెళ్లండి. నా జవాబు అదే.

చెరువు అనగానే అందరం కట్ట మీదికే పోతాం. దారి అక్కడే, గుడీ అక్కడే, బతుకమ్మ ఆటా అక్కడే. కానీ చెరువు లోతంతా కట్టను ఆనుకునే, తూము దగ్గరే ఉంటుంది. బాతులు, నీటికాకులు, బుడుబుంగల్లాంటి ఈదేవీ మునిగేవీ అక్కడ తిరుగుతాయి. నడుస్తూ తినే పిట్టలకు అక్కడ పనిలేదు. అవి ఎదురుగా, నీళ్లు పలచబడి పొలాల్లో కలిసే చోట చేరతాయి. తెలంగాణలో శిఖం అంటామే, అక్కడ.

ఒక జనవరిలో మా ఊరి చెరువు శిఖంలో నాలుగు వెదురు బద్దల మీద సెంటీమీటర్ల గీతలు గీసి, ఒడ్డు నుంచి లోపలికి వరసగా పాతాను. తుమ్మచెట్టు నీడలో కూర్చుని బైనాక్యులర్ పట్టుకున్నాను. గంటసేపు ఏమీ రాలేదు. తర్వాత లిటిల్ స్టింట్‌లు దిగాయి. ఇవి ఉల్లంకి జాతి పిట్టలు, పిచ్చుకంత ఉంటాయి. పాతిక గ్రాముల అటూ ఇటూ బరువు. రష్యా ఉత్తర కొసన టండ్రాల్లో గుడ్లు పెట్టి, చలికాలం గడపడానికి మన బురదకు వస్తాయి. అవి రెండు సెంటీమీటర్ల లోతు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. ఇంకాస్త లోపల గుడ్డికొంగ ఒకటి కదలకుండా నిలబడింది. ఆ తర్వాతి బద్ద దగ్గర, పదిహేనో గీత మునిగిన చోట, ఎర్రటి పుల్లల్లాంటి కాళ్లతో స్టిల్ట్ అనే పిట్ట తిరుగుతోంది. దాని కాలు మధ్యలో వెనక్కి మడతపడే చోటుని మనం మోకాలనుకుంటాం. అది మడమ. అసలు మోకాలు పైన ఈకల్లో ఉంటుంది. అంటే స్టిల్ట్ ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తోందన్నమాట!

ఏ పిట్ట ఎక్కడ తినాలో దాని కాలి పొడవు చాలావరకు నిర్ణయించేస్తుంది. ఇప్పుడు చిన్న లెక్క. శిఖంలో నేల 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతోందనుకుందాం. 15 సెంటీమీటర్ల లోపు లోతున్న పట్టీ వెడల్పు 30 మీటర్లు వస్తుంది. చుట్టూ రాయి పేర్చి, 2 మీటర్లకే ఒక మీటరు దిగేలా కడితే అదే పట్టీ 30 సెంటీమీటర్లు. నూరో వంతు! వాకింగ్ ట్రాక్, రాతి గట్టు వచ్చాక చెరువు నిండుగా, అందంగా కనిపిస్తుంది. కానీ నడిచే పిట్టలకు మేత చోటు పోయింది. ఇలాంటి చెరువు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అదే లెక్కని ఇంకోలా వాడండి. ఎండకి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే, శిఖం వాలు మీద నీటి అంచు రోజుకో మీటరు వెనక్కి జరుగుతుంది. రోజూ మీటరు కొత్త బురద, శిఖం పొడవునా. ఆ బురదలో చిరోనమిడ్ దోమల పిల్లపురుగులు ఎర్రగా ఉంటాయి. ఇవి కుట్టే దోమలు కావు. ఆ ఎరుపు మన రక్తంలో ఉన్నలాంటి హీమోగ్లోబిన్‌దే. ఆక్సిజన్ తక్కువున్న బురదలో బతకడానికి అది వాటికి పనికొస్తుంది. ఉల్లంకి జాతి పిట్టల ముక్కు కొసన ఎముకలో సన్నని గుంటలుంటాయి. వాటిలో హెర్బ్స్ట్ కార్పసల్స్ అనే ఒత్తిడిని పసిగట్టే కణాల గుత్తులుంటాయి. కంటికి కనపడని పురుగుని ముక్కు తడిమి పట్టేస్తుంది. బురదలో ముక్కు మొత్తం తెరవడం కష్టం కాబట్టి, వీటిలో చాలావాటికి పైముక్కు కొస మాత్రమే విడిగా ఎత్తే ఏర్పాటు ఉంది. బడిలో "కొంగకు పొడవైన ముక్కు" అని పట్టికలో రాయించి వదిలేస్తాం. పిల్లలకు గీతల బద్ద ఒకటి ఇచ్చి శిఖానికి తీసుకెళ్తే, ఆ పాఠం ఒక పూటలో అయిపోతుంది.

వేసవి దగ్గర పడ్డాక, మిగిలిన మడుగుల్లో చేపలు ఇరుకునపడతాయి. అప్పుడు పెయింటెడ్ స్టార్క్‌లనే పెద్ద కొంగలు వస్తాయి. ఇవి ముక్కు సగం తెరిచి నీళ్లలో ఊపుతూ నడుస్తాయి, చేప తగలగానే మూస్తాయి. చూపుకన్నా తాకిడి మీద నడిచే వేట కాబట్టి చేపలు ఒత్తుగా ఉంటేనే గిట్టుబాటు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వీటి గూళ్లు చూడొచ్చు. పిట్టలొస్తే ఊరికి మేలని తేలినీలాపురం వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వాటిని కాపాడింది. అయితే గూడు ఒకచోట, మేత ఇంకోచోట. సాయంత్రం కొంగలు ఏ దిక్కు నుంచి తిరిగొస్తున్నాయో చూడండి, మర్నాడు అటు వెళ్లండి. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. నగరం అంచున కూడా పిట్టలు దొరుకుతాయనడానికి అది చాలు.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ బొమ్మ పెట్టండి. కట్ట నున్నటి గీతలా కనిపిస్తుంది. దానికి ఎదురు వైపు అంచు చీలికలు చీలికలుగా, లేత మట్టిరంగులో వెడల్పుగా ఉంటే అదే మీ చోటు. పిట్టలు చూసినవాళ్లు తమ జాబితాలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఆ చెరువు పేరు కొడితే ఇతరులు చూసిన పిట్టల జాబితా కూడా దొరకొచ్చు. ఉదయం వెళ్తే సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి.

మార్చి తర్వాత శిఖంలో నడిచేటప్పుడు ఒక జాగ్రత్త. తీతువు రాత్రి కూస్తే చావు కబురని మా నాయనమ్మ తలుపు మూసేది. తీతువు బోడి నేల మీద, నాలుగు గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. నక్కో కుక్కో మనిషో దగ్గరికొస్తే, పగలైనా రాత్రైనా గోల పెడుతుంది. అది మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే అక్కడే ఆగి, కాళ్ల దగ్గర చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. మట్టిరంగు మీద నల్లమచ్చలున్న ఆ గుడ్లు, తొక్కేదాకా కనపడవు.