ఇమేజ్ ఉందిగా, ఇంకా టెన్షన్ ఎందుకు సార్? నెట్‌వర్క్ బ్యాకప్ మీద అపోహలు - వాస్తవాలు

మా ల్యాబుల్లో ఇప్పటికీ "ఘోస్ట్ కొట్టేద్దామా సార్?" అనే అడుగుతారు. ఘోస్ట్ అంటే ఒక సిస్టమ్ డిస్క్ మొత్తాన్ని కాపీ తీసి (ఆ కాపీనే ఇమేజ్ అంటాం) వేరే సిస్టమ్స్‌లో దింపే సాఫ్ట్‌వేర్. దాన్ని న్యూజిలాండ్ కంపెనీ ఒకటి తయారుచేస్తే 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. మా దగ్గర ఇప్పుడు దాని సీడీ కూడా లేదు. అదే పనికి మేం వాడేది క్లోనెజిల్లా, ఫాగ్ అనే సాఫ్ట్‌వేర్లు. అయినా మాట పోలేదు. మాటతోపాటు ఆ రోజుల నమ్మకాలు కొన్ని కూడా పోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా పన్నెండేళ్లుగా వింటున్నవి, ఒకప్పుడు నేనూ నమ్మినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గిగాబిట్ స్విచ్ ఉంది కదా, ల్యాబ్ మొత్తానికి ఇమేజ్ వేయడం అరగంట పని.

వాస్తవం: లెక్క వేసి చూడండి. గిగాబిట్ లైను మీద సెకనుకి నిజంగా వచ్చేది 110 ఎంబీ దాకా. 60 జీబీ ఇమేజ్ ఒక సిస్టమ్‌కి పది నిమిషాల్లోపే దిగుతుంది. అదే 30 సిస్టమ్స్‌కి విడివిడిగా పంపితే సర్వర్ కేబుల్లోంచి 1.8 టీబీ వెళ్లాలి. అంటే నాలుగున్నర గంటలు. అందుకే మల్టీకాస్ట్ వాడతాం. సర్వర్ మాస్టారిలా ఒక్కసారే డిక్టేషన్ చెబుతుంది, 30 సిస్టమ్సూ ఒకేసారి రాసుకుంటాయి. చిక్కల్లా ఒకటే: అందరికంటే నెమ్మదిగా రాసే పిల్లాడి కోసం మాస్టారు ఆగాల్సిందే.

ఈ సంగతి నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. తెల్లారితే ఆన్‌లైన్ పరీక్ష. రాత్రి తొమ్మిదికి మల్టీకాస్ట్ మొదలుపెడితే వేగం 11 ఎంబీ దగ్గర కూర్చుంది. సర్వర్‌ని అనుమానించాం, స్విచ్ రీస్టార్ట్ చేశాం, హార్డ్‌డిస్క్‌ని తిట్టాం. పదిన్నరకి గానీ ఆ పదకొండు ఎక్కడిదో బుర్రకి తట్టలేదు. 100 ఎంబీపీఎస్ (సెకనుకి వంద మెగాబిట్ల) లింకుని, బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి, ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర ఎంబీ, నెట్‌వర్క్ పైఖర్చు పోగా చేతికొచ్చేది పదకొండు. గిగాబిట్‌కి కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. చివరి వరసలో ఒక సిస్టమ్ దగ్గర క్రింపింగ్ (తీగల్ని కనెక్టర్‌లో బిగించడం) సరిగా లేక ఒక తీగ తగలడం లేదు. లైటు వెలుగుతోంది, బ్రౌజింగ్ బాగానే వస్తోంది, కాబట్టి ఏనాడూ ఎవరూ కంప్లైంట్ చేయలేదు. కనెక్టర్ కోసేసి కొత్తది క్రింప్ చేశాం. మేం టిఫిన్ తినొచ్చేసరికి ల్యాబ్ సిద్ధంగా ఉంది. అప్పటినుంచి ఇమేజ్ వేసే ముందు ప్రతి పోర్టు లింక్ స్పీడూ స్విచ్‌లో చూసుకుంటాను. ఇదే పని వైఫై మీద చేయొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు: వద్దు.

అపోహ: నెట్‌వర్క్ బూట్ (సిస్టమ్ తన డిస్క్ నుంచి కాకుండా సర్వర్ నుంచి లేవడం) కావాలంటే మన సర్వర్‌లో డీహెచ్‌సీపీ (సిస్టమ్స్‌కి నెట్‌వర్క్ అడ్రసులు పంచేది) ఆన్ చేస్తే చాలు.

వాస్తవం: ఆన్ చేసి చూశాను. ప్రిన్సిపాల్ గారి ఆఫీసులో నెట్ పోయింది. ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీలుంటే ఎవరు ముందు పలికితే వాళ్ల అడ్రసే సిస్టమ్స్ తీసుకుంటాయి. నా సర్వర్ చురుగ్గా పలికి అందరికీ తప్పుడు గేట్‌వే (బయటి నెట్‌కి వెళ్లే దారి) పంచిపెట్టింది. ప్రాక్సీ డీహెచ్‌సీపీ అని ఒకటుంది. అది అడ్రసులు ఇవ్వదు, "బూట్ ఫైలు ఇక్కడుంది" అని మాత్రం చెబుతుంది. లేదంటే ల్యాబ్‌ని విడి వీల్యాన్‌లో (స్విచ్‌లోనే వేరుచేసిన నెట్‌వర్క్‌లో) పెట్టుకోండి.

అపోహ: డిస్క్‌లో 60 జీబీయే వాడాం, ఇమేజ్ కూడా అంతే వస్తుంది.

వాస్తవం: క్లోనెజిల్లాకి ఆ ఫైల్ సిస్టమ్ అర్థమైతేనే. అర్థమైతే వాడిన బ్లాకులే తీసుకుని కుదిస్తుంది, కాబట్టి ఇంకా తక్కువే రావచ్చు. బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) వేసి ఉంటే దానికి ఏమీ అర్థం కాదు, 512 జీబీ డిస్క్‌ని మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా కాపీ చేస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కుదించినా తగ్గదు. మేమెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే అంటారా? విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టమ్స్‌లో అదే ఆన్ అవుతుంది. ఆ ఇమేజ్‌ని వేరే సిస్టమ్‌లో వేస్తే ఆ తాళంచెవిని దాచే టీపీఎమ్ చిప్ వేరు కాబట్టి రికవరీ కీ అడుగుతుంది. ఇమేజ్ తీసే మాస్టర్ సిస్టమ్‌లో ముందు బిట్‌లాకర్‌ని ఆపండి, పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఓపిక పట్టండి.

ఫాస్ట్ స్టార్టప్ కూడా ఇలాంటిదే. అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. డిస్క్ శుభ్రంగా మూయలేదని క్లోనెజిల్లా మొరాయిస్తుంది. తప్పు దానిది కాదు.

అపోహ: సిస్‌ప్రెప్ (ఇమేజ్ తీసే ముందు ఆ సిస్టమ్ సొంత గుర్తింపులు చెరిపే విండోస్ టూల్) అక్కర్లేదు. ఎస్ఐడీ (విండోస్ సిస్టమ్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) ఒకటే అయినా ఏమీ కాదని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు.

వాస్తవం: దీన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే చాలాకాలం ఇదే నిజం. 2009లో మైక్రోసాఫ్ట్‌లోనే ఉన్న మార్క్ రస్సినోవిచ్, రెండు సిస్టమ్స్‌కి ఒకే ఎస్ఐడీ ఉంటే ప్రమాదమన్నది అపోహ అని రాశారు. దాన్ని మార్చడానికి తానే తయారుచేసిన న్యూఎస్ఐడీ అనే టూల్‌ని కూడా ఆపేశారు. అది చదివి నాలాంటివాళ్లం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. అయినా ఇమేజ్‌కి సిస్‌ప్రెప్ తప్పనిసరి అన్న నియమాన్ని మైక్రోసాఫ్ట్ మాత్రం ఎప్పుడూ ఎత్తేయలేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్లతో కథ తిరగబడింది. విండోస్ 11లో 24హెచ్2, 25హెచ్2, ఇంకా సర్వర్ 2025 ఇప్పుడు ఎస్ఐడీలు పోల్చి చూస్తున్నాయి. ఒకటే అయితే షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు, రిమోట్ డెస్క్‌టాప్ కలవదు, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటుంది. అపోహ అన్నదే వాస్తవమై కూర్చుంది. ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్‌లో జనరలైజ్ పెట్టండి, అంతే.

అపోహ: ఇమేజ్ ఉందంటే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: ఇమేజ్ ఆ రోజున తీసిన ఫోటో. ఆ తర్వాత పుట్టిన ఫైళ్లు అందులో ఉండవు. పైగా ఇమేజ్ వేయడమంటే ఉన్నది చెరిపేయడం. "సార్, నా ప్రాజెక్ట్ డెస్క్‌టాప్ మీదే పెట్టాను" అని ఒక ఫైనలియర్ అమ్మాయి అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు. సిస్టమ్ పాడైతే ఇమేజ్ కావాలి. ఫైలు పోతే రోజూ నడిచే, పాత వెర్షన్లు దాచే ఫైల్ బ్యాకప్ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేస్తే కుదరదు.

అపోహ: బ్యాకప్ ఎన్ఏఎస్‌లోకి (నెట్‌వర్క్ మీద అందరికీ అందే స్టోరేజ్‌లోకి) వెళ్తోంది, అన్ని సిస్టమ్స్‌లో జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తోంది, భేషుగ్గా ఉంది.

వాస్తవం: మీకు కనిపించేది రాన్సమ్‌వేర్‌కి (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌కి) కూడా కనిపిస్తుంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకే రకం. బ్యాకప్ షేర్‌లో రాసే హక్కు బ్యాకప్ అకౌంట్ ఒక్కదానికే ఉండాలి. ఒక కాపీ కేబుల్ పీకేసిన డిస్క్‌లో ఉండాలి. అది వేరే బిల్డింగ్‌లో ఉంటే ఇంకా మంచిది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగుల ఫైళ్లున్న జీ-డ్రైవ్‌లో 858 టీబీ బూడిదైంది. బయట ఇంకో కాపీ లేదు. సైజు మరీ పెద్దది, బ్యాకప్ తీయడం కష్టమన్నది వాళ్లు చెప్పిన కారణం. మన దగ్గర వినే కారణమూ అదే, టీబీలే తక్కువ.

అపోహ: లాగ్‌లో ఎర్ర గీత లేదు, కాబట్టి బ్యాకప్ బాగుంది.

వాస్తవం: 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైట్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ చూస్తే ఖాళీ. వెర్షన్ తేడా వల్ల అది ఫెయిలవుతూనే ఉంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది.

అందుకే మా దగ్గర నెలకోసారి చీటీ తీస్తాం. ఏ నంబర్ వస్తే ఆ సిస్టమ్‌లో స్పేర్ డిస్క్ పెట్టి ఇమేజ్ వేసి చూడాలి. పోయిన నెల పదిహేడో నంబర్ వచ్చింది. ఇమేజ్ ఏ ఎర్రరూ లేకుండా దిగింది, బూట్ చేస్తే బ్లూ స్క్రీన్. ఆ సిస్టమ్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లో) స్టోరేజ్ మోడ్ ఏహెచ్‌సీఐ బదులు రెయిడ్ అని ఉంది. ఎవరు మార్చారో ఎవరూ ఒప్పుకోలేదు. మోడ్ మార్చి, బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టి, మిగిలిన 29 సిస్టమ్స్ కూడా తెరిచి చూశాం. ఇంకో రెండింట్లోనూ అదే.