రోహిణి కార్తెలో సోలార్ పలక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో ఆ ఎండ చూసినవారికి, డాబా మీది సోలార్ పలకలు ఏడాది మొత్తంలో అప్పుడే ఎక్కువ కరెంటు ఇస్తాయని అనిపిస్తుంది. కానీ పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. వెలుతురు తగిలి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదిలితే కరెంటు పుడుతుంది. పలక కాగే కొద్దీ వోల్టేజీ పడిపోతుంది. తయారీదారులు సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. నీడలోనే 44 డిగ్రీలున్న మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే, రావలసిన దానిలో ఇంచుమించు ఏడో వంతు పోయినట్టే. అందుకే పలకలను కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించుకోవాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది కాబట్టి, బిగించే దగ్గర పిసినారితనం వద్దు.

వేడి కన్నా పెద్ద చిక్కు పొద్దు. ఊరంతా ఏసీలు వేసుకునే రాత్రి 8 గంటలకు పలకలు నిద్రపోతుంటాయి.

కరెంటు ఎంత వచ్చిందన్నది ఒక్కటే లెక్క కాదు, ఎప్పుడు వచ్చిందన్నదీ లెక్కే. బోర్ల కింద సేద్యం చేసే రైతును అడిగితే ఈ సంగతి మనకన్నా బాగా చెబుతాడు. త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట ఇచ్చిన రోజుల్లో మిరప చేనుకు నీళ్లు కట్టడానికి టార్చిలైటు పట్టుకుని తడి గట్ల మీద నడవాల్సి వచ్చేది. కాలి కింద పాము, స్టార్టరు దగ్గర షాకు. తీగ ఊరికి చేరినా భయం తీరలేదు. సాగుకు పగలే 9 గంటలు కరెంటు ఇవ్వాలన్న ఆంధ్రప్రదేశ్ విధానం నా దృష్టిలో ప్రాణాలు కాపాడే విధానం. ఎండ కాసే వేళకే మోటారు నడుస్తుంది కాబట్టి సౌరవిద్యుత్తుకు ఇంతకన్నా మంచి జోడీ లేదు.

మిగిలిన పగటి కరెంటును రాత్రికి ఎలా దాచాలి? బ్యాటరీ ఒక దారి. నీరు ఇంకొకటి. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 8 యంత్రాల్లో 7 రెండు వైపులా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు అదే నీటిని కిందికి వదలడానికి వాటిని అమర్చారు. ఈ పద్ధతిలో తోడటానికి 100 యూనిట్లు ఖర్చయితే 75 నుంచి 80 తిరిగి వస్తాయి.

గుంటూరులో అయితే మరో గిడ్డంగి కళ్లెదుటే ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలోకి అడుగుపెడితే మందపాటి తలుపు వెనుక ఘాటుతో కూడిన చలి ముఖానికి కొడుతుంది. వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒకసారి చల్లబడ్డాక అంత త్వరగా వేడెక్కవు. మధ్యాహ్నం సౌరవిద్యుత్తుతో కాస్త ఎక్కువగా చల్లబరిచి, సాయంత్రం కొన్ని గంటలు కంప్రెషర్ ఆపినా సరుకుకు నష్టం ఉండదు. టిక్కీల్లో దాగిన ఆ చలి కూడా ఒక రకం బ్యాటరీయే. ఆ గంటల్లో కంప్రెషర్ వాడని కరెంటు ఊళ్లో ఫ్యాన్లు తిప్పుతుంది.