బక్‌టెయిల్ ఫ్లై కట్టేవాళ్ల అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని తెల్లతోక జింక తోక వెంట్రుకలతో కొక్కేనికి కట్టే ఫ్లై, అంటే చేపల్ని పట్టే కృత్రిమ ఎర, బక్‌టెయిల్. నీళ్లలో చిన్నచేపలా కదిలి ట్రౌట్ చేపను రప్పిస్తుంది. కొలతలకు మిక్కీ ఫిన్ అనే బక్‌టెయిల్‌ను తీసుకుందాం: కొక్కెం కాడకు చుట్టిన వెండిరంగు ఒళ్లు, దానిమీద పసుపు-ఎరుపు-పసుపు వెంట్రుకల రెక్క. 1930లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ చేపలవేట రచయిత జాన్ ఆల్డెన్ నైట్.

అపోహ: వెంట్రుకలు ఒత్తుగా ఉంటేనే చేప చూస్తుంది.

వాస్తవం: కొత్తవాళ్ల ఫ్లైలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఒత్తు రెక్క నీళ్లలో చీపురుకట్టలా బిర్రుగా ఉండిపోతుంది. పలుచటి రెక్క గాలపు దారం లాగినప్పుడు ముడుచుకుంటుంది, వదిలినప్పుడు విచ్చుకుంటుంది. సందుల్లోంచి ఒంటి మెరుపూ కనబడుతుంది. 8వ నంబరు పొడవుకాడ కొక్కేనికి మూడు పొరలూ కలిపి, వేళ్లతో నొక్కితే అగ్గిపుల్ల లావు చాలు. కింద పసుపు ఒక పాలు, నడుమ ఎరుపు ఒక పాలు, పైన పసుపు రెండు పాళ్లు.

అపోహ: తోకలో ఏ వెంట్రుకైనా ఒకటే.

వాస్తవం: తోక మొదట్లోని వెంట్రుకలు గుల్లగా ఉంటాయి, దారం బిగించగానే గొడుగులా విచ్చుకుంటాయి. కొస వైపు మూడింట రెండు వంతుల్లోంచే కోయండి. కొసలు పట్టుకుని, మొదళ్ల వైపున్న నూగునూ పొట్టి వెంట్రుకలనూ దువ్వి తీసేయండి. ఈ పని మానేస్తే ఫ్లై తల లావెక్కుతుంది.

కొసలు సమం కావాలని స్టాకర్‌లో (వెంట్రుకల కొసలు సమం చేసే గొట్టం) వేసి తట్టకండి. అవి ఎగుడుదిగుడుగా ఉంటేనే రెక్క చేపతోకలా సన్నబడుతుంది. రెక్క కొక్కెం వంపును కొంచెం దాటితే సరి. మరీ పొడవైతే వంపుకి చుట్టుకుంటుంది, చేప కూడా కొసను కొరికి వదిలేస్తుంది.

అపోహ: వెంట్రుకలు ఊడకుండా చివర్లో జిగురు దండిగా పూస్తే చాలు.

వాస్తవం: బిగువు దారం చుట్లతోనే రావాలి. ఒంటికి చుట్టే మెరుపు పట్టీ, టిన్సెల్, నున్నగా ఉంటుంది, దానిమీద వెంట్రుక నిలవదు. అందుకే ఒంటిని కొక్కెం కన్నుకి (గాలపు దారం కట్టే రంధ్రం) 3 మి.మీ. ముందే ఆపి, ఆ జాగాలో దారం పరిచి రెక్క కట్టాలి. కుచ్చును వేళ్లతో గట్టిగా పట్టుకుని రెండు చుట్లు వదులుగా వేసి, తర్వాత బిగించండి. మొదటి చుట్టే బిగిస్తే వెంట్రుకలు కాడ చుట్టూ తిరిగి అవతలి పక్కకు జారతాయి. ఆపైన బిగువుగా అయిదారు చుట్లు వేసి, మొదళ్లను ఏటవాలుగా కోసి, చుక్క జిగురు వేశాకే తర్వాతి రంగు. నిటారుగా కోస్తే మెట్టు ఏర్పడి దారం కన్ను మీదికి జారిపోతుంది.

అపోహ: జింక వెంట్రుకే కదా, మన దుప్పిదో కణుజుదో వాడుకోవచ్చు.

వాస్తవం: కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడటం, వాటి భాగాలు అమ్మడం నేరం. హిమాచల్‌లోని తీర్థన్ నదిలో ట్రౌట్ పట్టేవాళ్లు సింథటిక్ పోగులతో కట్టుకోవచ్చు. అయితే వాటి కొసలు మొండిగా ఉంటాయి కాబట్టి, కట్టాక కత్తెరను పోగుల వెంబడే ఏటవాలుగా పట్టి అక్కడక్కడ కత్తిరించి సన్నబరచాలి.