ఇంటర్‌లో 978 వచ్చాయి, ఎన్‌డీఏ వచ్చేస్తుందా? (అపోహలు - వాస్తవాలు)

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో నా ఫోన్‌కు తీరిక ఉండదు. మొన్న పోరంకి నుంచి ఒకావిడ చేశారు. "మాస్టారూ, మావాడికి 978 వచ్చాయి. ఎన్‌డీఏకి ఎంత శాతం ఛాన్సు ఉంటుంది?" (ఎన్‌డీఏ అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఇంటర్ తర్వాత త్రివిధ దళాల్లో ఆఫీసరయ్యే దారి.) బాబుకి ఒకసారి ఫోన్ ఇవ్వమ్మా అన్నాను. "వాడు మాట్లాడడండీ, మొహమాటం. ఏం కావాలో నన్నడగండి, నేను చెప్తాను" అన్నారు. నాకు కావలసిన జవాబు సగం ఆ మాటలోనే దొరికింది. ఆవిడ గొంతులో టెన్షన్ విని పైకి మాత్రం అనలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సైన్యంలో ఎడ్యుకేషన్ కోర్‌లో పనిచేసి సుబేదార్‌గా రిటైర్ అయ్యాను. ఇప్పుడు పటమటలో మా మేడ మీది గదిలో ఎన్‌డీఏ రాసే పిల్లలకు లెక్కలు చెప్తాను. రాతపరీక్ష దాటి ఎస్‌ఎస్‌బీకి, అంటే ఐదు రోజుల ఎంపిక పరీక్షలకు వెళ్లేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. జోస్యం చెప్పను. అయినా అందరూ అడిగేది అదే.

అపోహ: ఇంటర్ మార్కులు ఎక్కువైతే ఛాన్సు ఎక్కువ.

మన బెజవాడలో పిల్లవాడి బతుకంతా మార్కులు, ర్యాంకు, సీటు అనే మూడు మెట్ల మీదే నడుస్తుంది. ఎంసెట్ అలాగే, జేఈఈ అలాగే. ఎన్‌డీఏ కూడా ఆ వరసలోదే అనుకుంటారు. కాదు. ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీ మీ ఇంటర్ మార్కులను ఎక్కడా కలపదు. ఆర్మీకి ఇంటర్ పాసైతే చాలు. ఎయిర్‌ఫోర్స్, నేవీలకు అయితే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాసై ఉండాలి. 978 అయినా 612 అయినా ఆ గడప దగ్గర ఒకటే. (టెక్నికల్ ఎంట్రీ స్కీమ్ అని వేరే దారి ఉంది. దానికి ఎంపీసీ మార్కులు, జేఈఈ మెయిన్ కావాలి. ఈ రెండింటినీ కలిపేసి నా బుర్ర తినేవాళ్లు వారానికి ఇద్దరుంటారు.)

ఎన్‌డీఏలో లెక్కలోకి వచ్చేవి ఇవీ. రాతపరీక్ష 900. అందులో మ్యాథ్స్ 300, జీఏటీ (ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్) 600. ఎస్‌ఎస్‌బీ ఇంకో 900. మొత్తం 1800. ఇప్పుడు కటాఫ్‌లు చూడండి. 2022 మొదటి విడతలో రాతపరీక్ష కటాఫ్ 360, ఆఖరి మెరిట్‌లో చివరివాడికి 720. 2023 రెండో విడతలో 292, 656. అంటే మూడో వంతు మార్కులతో రాతపరీక్ష గట్టెక్కినవాళ్లున్నారు. అలాంటివాళ్లు మెరిట్ లిస్టులోకి రావాలంటే ఎస్‌ఎస్‌బీలో అంతకంటే ఎక్కువే తెచ్చుకోవాలి.

ఈ మాట చెప్పగానే కొందరు నాన్నల ముఖాలు వెలిగిపోతాయి. "మూడో వంతేనా? మావాడు నిద్రలో రాస్తాడు సార్!" రాస్తాడు, నాకు సందేహం లేదు. ఇంటర్ పబ్లిక్ పరీక్ష (ఐపీఈ) పేపర్ అలవాటుతో అన్నీ నింపేసి, తప్పుకు మూడో వంతు మైనస్ ఉందని మరిచిపోకపోతే బ్రహ్మాండంగా రాస్తాడు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీలో ఐదు రోజులుంటాయి. మన పిల్లల్లో ఎక్కువమంది ఇంటికి వచ్చేసేది అక్కడి నుంచే, అందులోనూ మొదటి రోజునే.

ఎందుకో చెప్తాను. పదో తరగతి అవగానే పిల్లవాణ్ణి హాస్టల్లో వేస్తాం. తెల్లారి ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. గ్రౌండ్ ఉండదు, ఫోన్ ఉండదు. నెలకోసారి అవుటింగ్ అంటే అమ్మానాన్నా వచ్చి గేటు దగ్గర పులిహోర పెట్టి వెళ్లడం. రెండేళ్లు అలా గడిపినవాడు ఎస్‌ఎస్‌బీలో పీఐక్యూ ఫారం (తన గురించి తానే నింపాల్సిన కాగితం) ముందు కూర్చుంటాడు. ఏ ఆటలు ఆడావు, ఏ బాధ్యతలు మోశావు, ఖాళీ దొరికితే ఏం చేస్తావు అని ఆ కాగితం అడుగుతుంది. పాపం, వాడి దగ్గర రాయడానికి ఏమీ ఉండదు. తప్పు వాడిది కాదు. మనం ఏదీ జరగనివ్వలేదు. దాంతో ఏదో ఒకటి అల్లుతాడు. హాబీ: పుస్తకపఠనం. ఈమధ్య ఏం చదివావని ఇంటర్వ్యూ ఆఫీసర్ అడిగితే ఫిజిక్స్ మెటీరియల్ తప్ప గుర్తు రాదు.

మొదటి రోజు పీపీడీటీ అనే పరీక్షలో బొమ్మ చూపిస్తారు. కథ రాయాలి. తర్వాత గ్రూపులో చెప్పి, అందరూ కలిసి ఒక కథకు రావాలి. మనవాడు తన కథ గడగడా అప్పజెప్పేసి గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. పక్కవాడి మాట వినడం, దానికి ఒక మాట కలపడం, నలుగురూ అరుస్తుంటే ఒకణ్ణి మాట్లాడనివ్వమనడం, ఇవి ఏ స్టడీ అవర్‌లోనూ రావు. మధ్యాహ్నానికి పాసైనవాళ్ల చెస్ట్ నంబర్లు పిలుస్తారు. పిలవని నంబర్లకు బస్సు స్టేషన్ దాకా దింపుతుంది.

978 మార్కుల మీద నాకేమీ కోపం లేదు. ఆ మార్కుల కోసం ఏం వదులుకున్నామో ఎవరూ లెక్క వేయరు, నా బాధల్లా అదే.

గుంటూరు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. వాళ్ల నాన్న మిర్చియార్డులో ముఠా మేస్త్రి. ఇంటర్‌లో ఏడు వందల చిల్లర వచ్చాయి, అది చెప్పడానికే సిగ్గుపడేవాడు. రాతపరీక్షలో కటాఫ్ దాటాడు. మొదటి ఎస్‌ఎస్‌బీలో కాన్ఫరెన్స్ అవుట్, అంటే ఆఖరి రోజు దాకా ఉండి ఎంపిక కాలేదు. తిరిగొచ్చాక పీఐక్యూలో ఏం రాశావురా అని అడిగాను. పుస్తకపఠనం, క్రికెట్ చూడటం. సెలవుల్లో నిజంగా ఏం చేస్తావంటే నీళ్లు నమిలి చెప్పాడు. తెల్లారక ముందే నాన్నతో యార్డుకు వెళ్తాడట. ముఠాలో పద్నాలుగు మంది. ఎవరు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోశారో రాసి, సాయంత్రం కూలి పంచేది వీడే. లెక్క తేడా వస్తే ఇద్దరు పెద్ద మనుషుల మధ్య నిలబడి పుస్తకం విప్పి చూపించేది వీడే. అప్పటికి వాడికి పదహారేళ్లు! ఇది ఎందుకు రాయలేదురా అంటే, "హమాలీ పని కదా సార్, ఆఫీసర్లు ఏమనుకుంటారో" అన్నాడు. నేను ఆ రోజు గట్టిగానే తిట్టాను.

రెండోసారి ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఇంటర్వ్యూలో చాలాసేపు ఆ పద్దు పుస్తకం గురించే అడిగారట. రికమెండ్ అయ్యాడు, అంటే ఎస్‌ఎస్‌బీ గట్టెక్కాడు. యార్డంతా మిఠాయిలు. తీరా మెరిట్ లిస్టులో పేరు లేదు. రాతపరీక్షలో కటాఫ్ మీద ఏడు మార్కులే ఉన్నాయి మరి, 1800లో సగం అదే కదా. మూడోసారి రాతలో బాగా పెంచుకున్నాడు, ఎస్‌ఎస్‌బీలో మొదటి రోజే స్క్రీన్ అవుట్ అయ్యాడు. రికమెండ్ అయినవాడు అలా ఎలా అవుతాడని అడగకండి, అవుతారు. ప్రతిసారీ కొత్త బోర్డు, కొత్త గ్రూపు. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం, సీడీఎస్ (డిగ్రీవాళ్లు ఆఫీసర్లు కావడానికి రాసే పరీక్ష) రాస్తున్నాడు. వీడికి ఎంత శాతం ఛాన్సుందో మీరే చెప్పండి, నాకైతే తెలియదు.

నా సంగతీ చెప్పాలి. నేను హవల్దార్‌గా ఉన్నప్పుడు ఏసీసీ ఎంట్రీ (జవాన్లు ఆఫీసర్లు కావడానికి రాసే పరీక్ష) రాసి ఎస్‌ఎస్‌బీకి వెళ్లాను. కాన్ఫరెన్స్ అవుట్. కమాండ్ టాస్క్‌లో నేను కమాండర్ని, నాకు ఇద్దరు సహాయకులు. పలక నేనే మోశాను, తాడు నేనే కట్టాను, చెమటలు కక్కుతూ పూర్తి చేశాను. వాళ్లిద్దరూ చేతులు కట్టుకుని చూశారు. బ్రహ్మాండంగా చేశాననుకుంటూ రైలెక్కాను. ఆ టాస్క్ ఎందుకు పెడతారో అర్థం కావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

అపోహ: ముందు ఇంటర్ పూర్తవనీ, తర్వాత చూద్దాం.

మార్కుల తర్వాత ఎక్కువ నష్టం చేసేది ఇదే. కోర్సు మొదలయ్యే నాటికి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయొచ్చు. మొదటి ఏడాదివాళ్లు రాయకూడదు. అంటే సెకండియర్‌లో ఉండగానే సెప్టెంబరు పరీక్ష మొదటి అవకాశం. కాలేజీలో ఆ ఆదివారం వీకెండ్ టెస్ట్ ఉందని సెలవివ్వరు, మనమూ అడగం. తర్వాత ఏప్రిల్‌ది జేఈఈ హడావుడిలో పోతుంది. తర్వాత లాంగ్‌టర్మ్ అంటారు. కళ్లు తెరిచేసరికి ఐదారు అవకాశాల్లో రెండు మిగులుతాయి. వయసులో ఎవరికీ సడలింపు లేదు.

లక్షల మంది రాస్తారు, విడతకు సుమారు 400 ఖాళీలే కదా అని భాగారం చేసి నిరాశపడేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆ భాగారం పక్కన పెట్టి, మీ పిల్లవాడి చేతిలో ఇంకా ఎన్ని పరీక్షలున్నాయో లెక్కపెట్టండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సైనిక్ స్కూల్ పిల్లలకే వస్తుందా? కోరుకొండ, కలికిరి పిల్లలకు అలవాటు ఉంటుంది, అంతే. విడిగా సీట్లు లేవు. ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు ఎన్‌డీఏలో అదనపు మార్కులు లేవు. చేయడం మాత్రం మంచిది, పీఐక్యూలో రాయడానికి ఒక నిజమైన మాట దొరుకుతుంది.

కుల ధ్రువీకరణ పత్రం కోసం సచివాలయం చుట్టూ తిరగకండి. ఎన్‌డీఏలో కులాల రిజర్వేషన్ లేదు. ఎస్సీ, ఎస్టీలకు, అమ్మాయిలకు దరఖాస్తు ఫీజు మాత్రం ఉండదు.

అమ్మాయిలకు ఇవ్వరని ఇంకా అనేవాళ్లున్నారు! 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో మొదటి బ్యాచ్ చేరింది. 2025 మే నెలలో 17 మంది ఖడక్‌వాస్లాలోని అకాడమీ నుంచి పాసై బయటికి వచ్చారు. వాళ్లకు కేటాయించే ఖాళీలు తక్కువ, అది నిజం.

తెలుగు మీడియం వాళ్లకు కష్టమా? ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి చదివి అర్థం చేసుకోవాల్సిందే. ఎస్‌ఎస్‌బీలో తప్పుల ఇంగ్లిష్ మాట్లాడినవాళ్లు రికమెండ్ కావడం చూశాను. నోరు విప్పనివాళ్లు కావడం చూడలేదు.

అద్దాలుంటే ఆశ వదులుకోవాలా? ఆర్మీకి కొంత సైటు వరకు అనుమతి ఉంది. నోటిఫికేషన్ చివర మెడికల్ భాగం ఉంటుంది, దాన్ని పట్టుకుని కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఎవరో చెప్పారని ఈ వయసులో లేసిక్ చేయించకండి. ఫ్లయింగ్ కావాలనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. పైలట్ ఎంపిక యంత్రపరీక్ష జీవితంలో ఒక్కసారే. ఇక మెడికల్‌లో అన్‌ఫిట్ రాయగానే ఏడ్చుకుంటూ వచ్చేయకూడదు. అప్పీల్ మెడికల్ బోర్డు ఉంది. ఎప్పటిలోగా, ఎక్కడికి వెళ్లాలో అక్కడే అడిగి కాగితం తీసుకోవాలి.

ఎస్‌ఎస్‌బీలో "మనవాళ్లు" ఉన్నారని, ఐదు లక్షలు ఇస్తే చూసుకుంటారని చెప్పేవాడికి ముందు కాఫీ కూడా ఇవ్వకండి. సైకాలజిస్టు, గ్రూపు టాస్క్‌లు చేయించే జీటీవో, ఇంటర్వ్యూ ఆఫీసర్ ముగ్గురూ విడివిడిగా అంచనా వేస్తారు. కాన్ఫరెన్స్ రోజు దాకా ఒకరి అభిప్రాయం ఇంకొకరికి తెలియదు. ఆ బ్రోకర్ పదిమంది దగ్గర తీసుకుంటాడు. అందులో ఒకడు సొంతంగా రికమెండ్ అయితే ఆ డబ్బు ఉంచుకుంటాడు, మిగతా తొమ్మిదిమందికి నెల నెలా వాయిదాలు చెప్తాడు. మా వీధిలోనే ఒకాయన పొలం కాగితాలు తాకట్టు పెట్టి ఇచ్చి, ఇప్పటికీ ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేదు.

కోచింగ్ కథల సంగతి కూడా. టీఏటీలో, అంటే బొమ్మలు చూపించి కథలు రాయించే పరీక్షలో, పన్నెండు కథలు రాయాలి. ఒకే చోట తయారైన పిల్లలు అందరూ ఒకే యాక్సిడెంట్, ఒకే ఆసుపత్రి, ఒకే రక్తదానం రాస్తారు. చదివే సైకాలజిస్టుకు ఎంత విసుగో ఆలోచించండి. నేను కథలు ఇవ్వను. కావాలంటే వేరే చోట దొరుకుతాయి.

మరి ఏం చేయాలి అంటారు. సాయంత్రం గంటసేపు ఏదైనా జట్టు ఆట ఆడనివ్వండి. ఎంత దూరం ఎంతసేపట్లో పరిగెత్తేలా ఉండాలో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఒక పని పూర్తిగా వాడికే వదిలేయండి, గ్యాస్ బండో, తాతయ్య మందులో. ఎస్‌ఎస్‌బీ భోపాల్‌లో వస్తే టికెట్ వాడే తీయాలి, మీరు వెంట వెళ్లకూడదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు రైలు చార్జీ తిరిగి ఇస్తారు, ఆ ఫారం కూడా వాడే నింపాలి.

నోటిఫికేషన్ సాధారణంగా డిసెంబరులో ఒకటి, మే నెలలో ఒకటి వస్తుంది. పుట్టినతేదీ దగ్గర పెట్టుకుని ఇంకా ఎన్నిసార్లు రాయొచ్చో లెక్కేసుకుని అప్పుడు నాకు ఫోన్ చేయండి. పోరంకి అమ్మగారూ, మీరు కాదు. అబ్బాయితో చేయించండి. మొహమాటమైతే రెండు నిమిషాలు మౌనంగా ఉన్నా ఫర్వాలేదు, నేను ఫోన్ పెట్టేయను.