లేవిడి నుంచి హేగ్ దాకా

బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న సోంపేట జనం మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని ఢిల్లీలోని అప్పీలు అథారిటీ రద్దు చేసింది కూడా సరిగ్గా ఆ రోజే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ తుపాకులు పేలాయి. ఇలాంటప్పుడు మన శ్రీకాకుళంలో ఎవరో ఒకరు అడుగుతారు: ఇక్కడ న్యాయం దొరక్కపోతే అంతర్జాతీయ కోర్టుకు వెళ్లకూడదా?

ఈ ప్రశ్న వెనక పాత గాయం ఉంది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు బయల్దేరిన గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న ప్రాణాలు పోయాయి. కేసు నడిచింది, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. గిరిజన ఉద్యమం ఆయుధాల వైపు మళ్లడానికి ఆ తీర్పు ఒక పెద్ద కారణం. తర్వాత వచ్చినవి ‘ఎదురుకాల్పులు’. 1970 జూలైలో ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అలాగే చనిపోయారని పోలీసులు చెప్పారు. పట్టుకుని కాల్చేశారని ఉద్యమంలో ఉన్నవాళ్లు అన్నారు. కాల్చినవాళ్లే కేసు రాసుకుంటే నిజం ఎలా తేలుతుంది?

ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నది తెలుగువాళ్లే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఎన్‌కౌంటర్‌లో పాల్గొన్న పోలీసుల సొంత స్టేషన్ కాకుండా వేరే సంస్థ దర్యాప్తు చేయాలంది. 1997లో అదే పద్ధతి పాటించమని అన్ని రాష్ట్రాలకూ రాసింది. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు పెట్టింది.

ఇక హేగ్ సంగతి. అక్కడున్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది వేసిన రోమ్ ఒప్పందం మీద 1998లో ఓటింగ్ జరిగితే భారత్ తటస్థంగా ఉండిపోయింది, ఇప్పటికీ సంతకం చేయలేదు. పైగా ఆ కోర్టు చూసేది 2002 జూలై 1 తర్వాతి నేరాలనే, అదీ జాతి నిర్మూలన, యుద్ధ నేరాల వంటి భారీ ఘోరాలనే. లేవిడి కేసు ఆ గుమ్మం ఎక్కే అవకాశం ఎప్పుడూ లేదు.

మన చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం. 1997లో భారత్ సంతకం చేసింది, కానీ ఆమోదముద్ర వేయలేదు. అందుకు అవసరమైన బిల్లు 2010లో లోక్‌సభ దాటి, రాజ్యసభలో ఆగి, చివరికి మురిగిపోయింది. లాకప్పు దెబ్బలు తిన్నవాళ్లున్న ఈ జిల్లాల నుంచి పార్లమెంటుకు వెళ్లే ప్రతి ఎంపీనీ మనం ముందు అడగాల్సింది ఆ బిల్లు గురించే.